తంజావూరు మూడు రోజులు: పద్నాలుగు పేర్ల జాబితా ఆరుకు దిగిన కథ

2024 జనవరి రెండో వారంలో విజయవాడలోని మా ట్రావెల్ ఆఫీసుకు ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ వచ్చారు. వయసు 71. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచారు. చక్కని దస్తూరితో పద్నాలుగు పేర్లున్నాయి: పెద్ద గుడి (బృహదీశ్వరాలయం), ప్యాలెస్, సరస్వతీ మహల్ గ్రంథాలయం, తిరువైయారు, దారాసురం, గంగైకొండ చోళపురం, కుంభకోణంలో నాలుగు గుళ్లు, స్వామిమలై, కల్లణై, శ్రీరంగం, చివర 'వీలైతే చిదంబరం'. చేతిలో ఉన్నవి మూడు రోజులు.

"తెలుగు పాఠాలు చెప్పి తంజావూరు చూడకుండా పోతే ఎలా అండీ?" అన్నారు మాస్టారు.

ఆ మాటలో నిజముంది. చోళుల రాజధానిగానే మనం తంజావూరును గుర్తుపెట్టుకుంటాం కానీ, 1532 నుంచి 1673 దాకా అక్కడ ఏలింది తెలుగు నాయక రాజులు. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు తామే కవులు. వాళ్ల తర్వాత వచ్చిన మరాఠా భోంసలేలు కూడా ఆస్థానంలో తెలుగును వదల్లేదు. షాహాజీ మహారాజు స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశాడు. 1855లో ఇంగ్లీషువాళ్లు ఆ సంస్థానాన్ని కలిపేసుకునే దాకా, కృష్ణా గోదావరులకు అంత దూరాన, కావేరి ఒడ్డున తెలుగు రాజుగారి కొలువులో వినబడే భాషగానే ఉంది. అలాంటి ఊరికి వెళ్లేవాళ్లకు జాబితా పొడుగ్గా ఉండటం సహజం. ఆ పొడుగు కాగితాన్ని మూడు రోజులకు, మోకాళ్ల నొప్పి ఉన్న ఒక మనిషికి సరిపోయేలా ఎలా మార్చామో, అందులో నేనెక్కడ తప్పు చేశానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

వెళ్లేవాళ్లు నలుగురు. మాస్టారు, ఆయన భార్య (66 ఏళ్లు, త్యాగరాజ కృతులు శ్రద్ధగా నేర్చుకున్నావిడ), బ్యాంకులో పనిచేసే కూతురు, పన్నెండేళ్ల మనవరాలు. మాస్టారికి షుగర్ ఉంది. కుడి మోకాలు అరిగింది. మెట్లు ఎక్కగలరు గానీ దిగడం కష్టం. ఒంటిగంటకల్లా భోజనం పడాలి.

జాబితా పక్కన పెట్టి నలుగురినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడిగాను. మాస్టారు, అమ్మగారు ఆఫీసులో చెప్పారు, కూతురు, మనవరాలు ఫోన్లో. "తంజావూరులో ఒక్కటే చూడనిస్తే ఏది చూస్తారు?" అని. ఈ ప్రశ్న నేను ప్రతి కుటుంబాన్నీ అడుగుతాను, అందరూ ఒకచోట కూర్చుని ఉన్నప్పుడు మాత్రం అడగను. కలిసి ఉన్నప్పుడు ఇంటి పెద్ద ఏది చెబితే మిగతావాళ్లు దానికే తలూపుతారు.

మాస్టారు సరస్వతీ మహల్ అన్నారు. అమ్మగారు కాసేపు మాట్లాడలేదు, తర్వాత "త్యాగయ్యగారి సమాధి దగ్గర కూర్చుని ఒక్క కృతి పాడుకోవాలి, ఎవరూ లే లెమ్మనకూడదు" అన్నారు. కూతురు పెద్ద గుడిని తొందర లేకుండా చూడాలంది. మనవరాలికి తలాడించే తంజావూరు బొమ్మ కావాలి, కొనడమే కాదు, అది ఎలా ఆడుతుందో తెలియాలి.

మొత్తం ప్లాను ఈ నాలుగు జవాబుల మీదే కట్టాను. గంగైకొండ చోళపురం, స్వామిమలై, కల్లణై, శ్రీరంగం, చిదంబరం, కుంభకోణం గుళ్లు ఈ నాలుగింట్లో దేనికీ అక్కరలేదు కాబట్టి తీసేశాను. గంగైకొండ ఒక్కటి తీసేటప్పుడు నా మనసూ ఒప్పలేదు. రాజేంద్ర చోళుడి గుడి, ఆ శిల్పాల ముందు నేనే గంటలు నిలబడ్డాను. కానీ తంజావూరు నుంచి ఒకవైపే 70 కిలోమీటర్లు. మోకాలు మడిచి కారులో రెండు గంటలు కూర్చున్న మనిషి దిగాక గుడి చూడడు, ముందు నీడ వెతుక్కుంటాడు. మాస్టారికి అదే మాట చెప్పాను. కాసేపు కాగితం వైపు చూసి పెన్ను తీసి ఆయనే కొట్టేశారు.

తేదీల దగ్గర అమ్మగారికి ఒక ఆశ ఉంది, త్యాగరాజ ఆరాధన. అది పుష్య బహుళ పంచమి, ఆ ఏడాది జనవరి 30న వచ్చింది. నేనే వద్దన్నాను. ఆరాధన రోజుల్లో తిరువైయారులో పందిరి కింద వందల మంది కలిసి పంచరత్న కృతులు పాడుతుంటే వినడం గొప్ప అనుభవమే. కానీ ఆవిడ కోరింది అది కాదు. ఒక్కరే కూర్చుని ఒక్క కృతి పాడుకోవాలన్నారు. అందుకని వారం ఆగి ఫిబ్రవరి 6న బయలుదేరేలా పెట్టాను. గదులూ తేలికగా దొరికాయి. ఎండ కూడా అప్పటికింకా ముదరదు.

విజయవాడ నుంచి పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్, మధ్యాహ్నం వాళ్ల బంధువులింట్లో విశ్రాంతి, రాత్రి ఎగ్మూరులో తంజావూరు రైలు. సెంట్రల్‌కూ ఎగ్మూరుకూ మధ్య దూరం రెండు కిలోమీటర్లే, కానీ రెండు రైళ్ల మధ్య తక్కువ టైము పెట్టుకుంటే ఆ రెండు కిలోమీటర్లే టెన్షన్ పెడతాయి. విమానంలో తిరుచ్చి దాకా వెళ్లి అక్కడి నుంచి కారులో గంటన్నర ప్రయాణం చేయొచ్చు. మాస్టారు రైలే అన్నారు.

రాత్రి రైలు తెల్లవారుజామున దింపుతుంది. హోటల్ చెకిన్ మధ్యాహ్నం పన్నెండింటికి. ఈ ఆరు గంటల సంగతి ఎవరూ ఆలోచించరు. 71 ఏళ్ల మనిషిని స్నానం, నిద్ర లేకుండా లాబీలో కూర్చోబెట్టి పది గంటలకు గుడికి తీసుకెళ్తే ఆ రోజంతా పాడవుతుంది. అందుకే రెండు గదులకూ ముందు రాత్రి అద్దెలో సగం కట్టి ఉదయం ఆరింటికే తాళాలు ఇచ్చేలా మాట్లాడుకున్నాను. గది అద్దె రోజుకు 2,600. అదనంగా పడింది రెండు గదులకూ కలిపి 2,600. ఈ ట్రిప్పులో అన్నిటికంటే మంచి ఖర్చు అదేనని కూతురు తర్వాత చెప్పింది.

ఇక రోజుల క్రమం. తంజావూరు ప్లాను తలుపులు ఎప్పుడు తెరుచుకుంటాయన్న దాని మీద ఆధారపడుతుంది. పెద్ద గుడిలో మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో దర్శనం ఆపేసి మళ్లీ నాలుగింటికి మొదలుపెడతారు. సరస్వతీ మహల్ మ్యూజియంకు బుధవారం సెలవు. మావాళ్లు దిగేది సరిగ్గా బుధవారం. కాబట్టి ప్యాలెస్ గురువారానికి వెళ్లింది. బుధవారం పొద్దున తిరువైయారు, సాయంత్రం పెద్ద గుడి మొదటి దర్శనం. గురువారం తెల్లవారి మళ్లీ పెద్ద గుడి, పదింటికి ప్యాలెస్, సాయంత్రం బంగారు కామాక్షి గుడి, బొమ్మలు. శుక్రవారం దారాసురం, కుంభకోణంలో భోజనం, రాత్రి రైలు. ప్రతిరోజూ ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా గదిలో నిద్ర. ఆ మూడు గంటల్లో ఇంకేదైనా ఇరికిద్దామని కూతురు రెండుసార్లు అడిగింది. ఒప్పుకోలేదు.

బుధవారం పొద్దున అనుకున్నదాని కంటే బాగా జరిగింది. తంజావూరు నుంచి తిరువైయారు 13 కిలోమీటర్లు. దారిలో ఒకదాని తర్వాత ఒకటి అయిదు నదులు దాటుతాం: వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, కావేరి. ఊరి పేరుకు అర్థమే అది, మన పాత పుస్తకాల్లో పంచనదం. మనవరాలు వంతెనలు లెక్కపెట్టుకుంటూ వెళ్లిందట. మెట్టూరు డ్యామ్ నీళ్లు జనవరి చివర్లో ఆపేస్తారు కాబట్టి కావేరిలో నీరు పల్చగా ఉంటుందనీ, నిండు నది కనబడదనీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచాను. ఆరాధన పందిరి వెదుళ్లు ఇంకా విప్పుతున్నారు. సమాధి దగ్గర పదిమంది కూడా లేరు.

సమాధికి ఎదురుగా బెంగళూరు నాగరత్నమ్మ విగ్రహం ఉంది. ఆ చోటు పాడుబడిపోతోందని తెలుసుకుని, తన సొత్తంతా పెట్టి 1920లలో గుడి కట్టించింది ఆవిడ. ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వని రోజుల్లో ఆడవాళ్లతోనే వేరుగా బృందం పెట్టి పాడించింది కూడా ఆవిడే. వాళ్లకు ఫోన్లో పంపిన ఒక పేజీ నోట్సులో ఈ సంగతి రాశాను. అమ్మగారు అది చదువుకుని వెళ్లి, ముందు నాగరత్నమ్మకు దండం పెట్టి, తర్వాత సమాధి ముందు కూర్చున్నారట. ఒక్క కృతి అనుకున్నావిడ మూడు పాడారు. ఎవరూ లే లెమ్మనలేదు. వచ్చేటప్పుడు పెసరపప్పుతో చేసే అశోక హల్వా తిన్నారు. మాస్టారికి ఒక చెంచా.

సాయంత్రం 5 గంటల 10 నిమిషాలకు కూతురి నుంచి ఫోను. గొంతు కంగారుగా ఉంది. "అండీ, ఇక్కడ కాలు పెట్టే చోటు లేదు. నాన్న నిలబడలేకపోతున్నారు."

నాకు అర్థం కాలేదు. పండగ కాదు, ఆదివారం కాదు. ఏం జరుగుతోందమ్మా అంటే, "నందికి అభిషేకమట, ఏదో ప్రదోషం అంటున్నారు" అంది.

ఆ రోజు త్రయోదశి. ప్రతి పక్షంలో త్రయోదశి సాయంత్రం శివాలయాల్లో నందికి అభిషేకం జరుగుతుంది. తంజావూరు పెద్ద గుడి నంది ఏకశిల, పన్నెండడుగులకు పైగా ఎత్తు. ఆ నంది మీద పాలు ధారగా పోస్తుంటే చూడటానికి ఊరూ చుట్టుపక్కల పల్లెలూ తరలి వస్తాయి. మా గోడ మీద వేలాడే క్యాలెండర్‌లోనే ఉంది ఆ ముక్క. గుడి వేళలు చూశాను, సెలవులు చూశాను, ఆరాధన ఏ తిథో చూశాను. పుష్య బహుళ పంచమి తర్వాత ఎనిమిదో రోజు త్రయోదశి అని లెక్క వేయలేదు. తప్పు పూర్తిగా నాదే.

ఫోన్లోనే మూడు పనులు చేశాను. ముందు మాస్టారిని జనం లేని ఏదో ఒక మూల కూర్చోబెట్టమన్నాను. డ్రైవరుకు ఫోన్ చేసి, పార్కింగులో ఆగకుండా గోపురానికి వీలైనంత దగ్గరగా రోడ్డు పక్కకు రమ్మన్నాను. తర్వాత గురువారం సాయంత్రానికి పెట్టిన బంగారు కామాక్షి గుడిని అప్పటికప్పుడు బుధవారానికి మార్చాను. అది అమ్మవారి గుడి, ప్రదోషం హడావుడి ఉండదు, పెద్ద మెట్లు లేవు. పైగా శ్యామశాస్త్రిగారి కుటుంబం తరతరాలుగా అర్చన చేసిన గుడి. తంజావూరులో ఉండి, తెలుగులో పాడిన మనిషి. అమ్మగారికి ఇది పెద్ద గుడి కంటే తక్కువ కాదని నాకు తెలుసు.

ఆరున్నరకు కూతురు మెసేజ్ పెట్టింది: 'అమ్మ మళ్లీ పాడుతోంది'. మాస్టారు మాత్రం రాత్రి మోకాలికి ఐస్ పెట్టుకున్నారు. మాత్ర వేసుకుంటే తప్ప నిద్ర పట్టలేదు. ఆ నొప్పికి కారణం నా అజాగ్రత్త. ఆ రాత్రి ఆయనకే ఫోన్ చేసి ఆ మాట చెప్పాను.

గురువారం ఉదయం ఆరున్నరకు నలుగురూ మళ్లీ పెద్ద గుడికి వెళ్లారు. తంజావూరు ట్రిప్పు వేసుకునేవాళ్లకు నేను చెప్పగలిగిన పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే ఇదే. గుడి తూర్పు ముఖంగా ఉంది. పొద్దున్నే కేరళాంతకన్, రాజరాజన్ అనే రెండు గోపురాలు దాటి లోపలికి వెళ్తే సూర్యుడు మన వీపు మీద ఉంటాడు, ఎదురుగా గర్భగుడి మీది శిఖరం, 216 అడుగుల విమానం మీద వెలుగు పైనుంచి కిందికి దిగుతూ ఉంటుంది. లేత గోధుమ రంగు రాయి కాసేపు తేనె రంగులోకి మారుతుంది. సాయంత్రం వెళ్తే సూర్యుడు విమానం వెనక్కి వెళ్లిపోతాడు, ముందు నుంచి చూసేవాళ్లకు నల్లని ఆకారమే కనిపిస్తుంది. ఇక పాదాల సంగతి. చెప్పులు బయటే వదలాలి. ఆవరణంతా రాతి పలకలు. ఫిబ్రవరిలో కూడా పదిన్నర దాటితే ఆ పలకలు కాలుతాయి, మధ్యాహ్నం వేడి నాలుగున్నరకు కూడా పూర్తిగా దిగదు. మందపాటి నూలు మేజోళ్లు రెండు జతలు పెట్టుకోమని రాశాను. మాస్టారికి అవి ఎంతో పనికొచ్చాయి.

విమానం నీడ నేల మీద పడదని అక్కడ చాలామంది చెబుతారు. ఎవరో ఈ పిల్లకూ చెప్పారు. ఏడు గంటలకు పడమటి వైపు పొడుగ్గా పరుచుకున్న నీడలో నిలబడి, "మరి ఇదేంటి?" అని అడిగిందట. నీడ పడుతుంది. పడకపోయినా, పడినా 1010లో రాజరాజ చోళుడు ముగించిన ఆ కట్టడం గొప్పతనానికి వచ్చే లోటేం లేదు. అసలు కథ పీఠం చుట్టూ చెక్కిన శాసనాల్లో ఉంది. ఈ గుడి కోసం వేరే వేరే ఊళ్ల నుంచి రప్పించిన 400 మంది నాట్యగత్తెల పేర్లు, ఎవరిది ఏ వీధి, ఎన్నో ఇల్లు, ఒక్కొక్కరికి ఏడాదికి 100 కలాల (కలం అప్పటి ధాన్యం కొలత) వడ్లు, ఇదంతా రాయి మీద ఉంది. గుడి కట్టినవాడు లెక్క ఇంత పక్కాగా రాయించాడని తెలిస్తే గోడ పక్క నడక వేరుగా ఉంటుంది. నంది మంటపం నాయకుల కాలానిదంటారు. ఒక మూల గోడ మీద మరాఠా రాజు రెండో శరభోజి 1803లో చెక్కించిన మరాఠీ శాసనం ఉంది. చోళుల తమిళం, మరాఠాల చరిత్ర ఒకే ఆవరణలో. మాస్టారు అక్కడొక అరుగు మీద కూర్చుండిపోయారు. ఎనిమిదిన్నరకు వస్తారనుకున్నవాళ్లు తొమ్మిదీ ఇరవైకి బయటికి వచ్చారు. ఆలస్యమైందని కూతురు మెసేజ్ పెడితే, పరవాలేదు, అందుకే ఖాళీ వదిలాను అన్నాను.

ప్యాలెస్ దగ్గర జాగ్రత్త వేరే రకం. మాస్టారి మనసులో సరస్వతీ మహల్ అంటే తాళపత్రాలు చేతిలోకి తీసుకుని చదవడం. నిజం అది కాదు. 40,000కు పైగా రాతప్రతులున్న గ్రంథాలయం, తెలుగువి కొన్ని వందలు. కానీ అవి పరిశోధకులకు, ముందే అనుమతి తీసుకున్నవాళ్లకు. మనలాంటివాళ్లు చూసేది మ్యూజియం గది, అద్దాల వెనక కొన్ని ప్రతులు, బొమ్మలు, శరభోజి సేకరించిన పుస్తకాలు కొన్ని. ఇది విజయవాడలోనే చెప్పాను. అక్కడికి వెళ్లాక తెలిస్తే ఆ మనిషి ముఖం ఎలా మారేదో ఊహించగలను. ముందే తెలియడంతో ఆయన ఇంకో దారి వెతుక్కున్నారు. ఆ గ్రంథాలయం తన రాతప్రతుల్ని అచ్చు వేసి అక్కడే అమ్ముతుంది. ఆయన అమ్మకాల బల్ల దగ్గర గంట నిలబడి మూడు తెలుగు పుస్తకాలు కొన్నారు. మోకాలి ఊసే ఎత్తలేదట.

పక్కనే ఆర్ట్ గ్యాలరీలో చోళుల కాంస్యాలు. తిరువెణ్‌కాడు నుంచి వచ్చిన వృషవాహన మూర్తి ముందు పది నిమిషాలు ఉండమని నోట్సులో రాశాను. శివుడు ఎద్దు మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. ఇప్పుడు ఎద్దు లేదు. చెయ్యి గాలిలో అలాగే ఉంది, అయినా ఎద్దు అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. ప్యాలెస్ పై అంతస్తుల మెట్లు నిటారుగా ఉంటాయి. వాటిని ముందే కొట్టేశాను.

కామాక్షి గుడి బుధవారానికే అయిపోయింది కాబట్టి గురువారం సాయంత్రమంతా మనవరాలిదే. బొమ్మలు చేసే ఇంట్లో ఆ అమ్మాయికి సంగతి తెలిసింది. అడుగు గుండ్రంగా, బరువుగా ఉంటుంది, పైభాగం తేలిక, అందుకే ఎంత వంచినా లేచి నిలబడుతుంది. నాట్యం చేసే బొమ్మలో తల, నడుము, పావడా వేరువేరు ముక్కలు, ఒక్కొక్కటి కమ్మి మొన మీద ఆని ఊగుతాయి. రెండు కొంది.

శుక్రవారం దారాసురం గురించి పెద్దగా చెప్పేది లేదు. ఎనిమిదింటికల్లా చేరారు, శిల్పాలు కంటి ఎత్తులోనే ఉంటాయి కాబట్టి మాస్టారికి హాయిగా సాగింది. భోజనానికి ముందు కుంభకోణం డిగ్రీ కాఫీ. రాత్రి రైలుకు గది సాయంత్రం దాకా ఉంచుకున్నారు.

నలుగురికీ రైళ్లు కాకుండా గదులు, కారు, తిండి అన్నీ కలిపి 31,000 దాటలేదు. కారు మూడు రోజులకూ ఒకే డ్రైవరుతో మాట్లాడాను. రోజుకో కారు అయితే కొంచెం తగ్గేది. బుధవారం సాయంత్రం గోపురం దగ్గరికి వెంటనే రాగలిగింది మాత్రం పొద్దుటి నుంచి వాళ్లతో ఉండి, మాస్టారి నడక చూసిన మనిషి కాబట్టే.

ఈ పని తర్వాత మా ప్లాన్ షీటులో తేదీ, వారం పక్కన తిథి అనే గడి పెట్టాను. తమిళనాడు అయితే త్రయోదశి, పౌర్ణమి, కృత్తిక ఎర్ర రంగులో వస్తాయి. ఆ రోజు వెళ్లొద్దని కాదు. ప్రదోషం చూడాలనుకునే వయసులో, ఓపికతో ఉన్నవాళ్లను ఏరికోరి ఆ రోజే పంపుతాను. మోకాలి నొప్పి ఉన్నవాళ్లను పంపను.

మార్చిలో మాస్టారు మళ్లీ ఆఫీసుకు వచ్చారు. ఈసారి జాబితా లేదు. కొన్న మూడు పుస్తకాల్లో ఒకదాంట్లో పెన్సిలుతో గీతలు గీసి తెచ్చారు. దాని మూలప్రతి చూడాలట. గ్రంథాలయానికి అనుమతి కోసం దరఖాస్తు రాయాలి, అందులో ఆయన ఏం చదువుకున్నారో, ఏ ప్రతి కావాలో స్పష్టంగా పెట్టాలి. ఇద్దరం కూర్చుని మొదటి పేరా రాశాం. తర్వాత నేను క్యాలెండర్ తీసి, బుధవారం తగలకుండా, త్రయోదశి తగలకుండా నాలుగు రోజులు వెతకడం మొదలుపెట్టాను.